కింగ్ కోఠీ బంగారం ఎంత చోటు పడుతుంది?

ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసు దగ్గరనుంచి కింగ్ కోఠీకి కాలినడకన పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. హైదరాబాదు బంగారాన్ని గురించి ఈ ఊళ్ళో పుట్టిన కథల్లో చాలా భాగం ఆ ప్రహరీగోడల వెనుకనుంచే బయలుదేరాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన జీవితంలో అధికభాగం గడిపినదీ, 1967 ఫిబ్రవరి 24న కన్ను మూసినదీ అక్కడే. 1937 ఫిబ్రవరిలో 'టైమ్' పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడన్నప్పటినుంచి ఆ కథలకు అంతర్జాతీయ గౌరవం కూడా దక్కింది.

వాటిలో రెండింటిని వినని హైదరాబాదీ ఉండడు. మొదటిది లారీల కథ. కింగ్ కోఠీ తోటలో బంగారు కడ్డీలు నింపిన లారీలు వరుసగా నిలిచి ఉండేవట; ఆ బరువుకు చక్రాలు ఇరుసుల దాకా మట్టిలో దిగబడిపోయి, కదపడానికి వీలు లేకుండా ఏళ్ళ తరబడి అట్లాగే పడి ఉండేవట. 1975లో వచ్చిన 'ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్' ఈ కథను లోకమంతటా తిప్పింది. ఆదివారం ఉదయం ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాలు ఏరుకునేవారి చేతికి ఆ పుస్తకం ఎప్పుడో ఒకప్పుడు తగలక మానదు. నాకూ అక్కడే దొరికింది.

రెండవది అయిదు టన్నుల కథ. 1965 యుద్ధం తరువాత ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి అర్థించగా నిజాం క్షణమైనా తడుముకోకుండా అయిదువేల కిలోల బంగారాన్ని దేశరక్షణకు దానం చేశాడట. పెట్టెలు తరలిస్తూ ఉంటే, "నేనిచ్చింది బంగారం, పెట్టెలు కావు, అవి తిరిగి పంపండి" అన్నాడట. ఈ కథ చెప్పేవారిలో ఒక పక్షం నిజాం ఔదార్యానికి తార్కాణంగా చెబుతుంది. మరొక పక్షం, అంత బంగారం రైతుల నెత్తురు పిండకుండా ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతుంది. ఇద్దరి వాదనా అయిదు టన్నుల మీదనే నిలబడి ఉంది. ఆ అంకెను మాత్రం ఇద్దరిలో ఎవరూ తూచి చూడరు.

నేను ఈ కథలను తక్కెడలో కాక, కుంచంలో కొలిచి చూడదలచాను. బంగారానికి ఉన్న గుణాలన్నిటిలోనూ మనం ఎప్పుడూ తలుచుకునేది దాని వన్నె. తరచుగా మరచిపోయేది అది ఎంత తక్కువ చోటులో ఒదిగిపోతుందన్న సంగతి.

వన్నె ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. తెలుగులో బంగారపు మేలిమికి ప్రత్యేకమైన కొలమానం వేరే లేదు, రంగే కొలమానం. వర్ణం వన్నె అయింది, వన్నె మేలిమి అయింది. పదహారు వన్నెల బంగారం అంటే కల్తీ లేని పసిడి అని అర్థం. ఈనాటి దుకాణాల భాషలో 24 కారట్లు మన పదహారు వన్నెలకు సమానమనుకుంటే, ఆబిడ్స్‌లోనో బషీర్‌బాగ్‌లోనో మనం కొనే 22 కారట్ల నగ పదునాలుగున్నర వన్నెలకు కాస్త పైన ఉంటుంది. 'ఆయినీ అక్బరీ'లో అబుల్ ఫజల్ కూడా మేలిమిని 'బానీ'లలో లెక్క పెట్టాడు. ఆ మాట కూడా వర్ణం నుంచే వచ్చిందని చూడగానే తోస్తుంది. దక్కన్‌లో చలామణీ అయ్యే పాత హొన్నును పది బానీల శుద్ధమైనదని జనం నమ్ముతూ ఉండగా, అక్బరు టంకశాలలో పరీక్షిస్తే ఎనిమిదిన్నరే తేలిందని ఆయన రాశాడు. మన దక్కన్ బంగారం ప్రతిష్ఠకు తగిలిన మొదటి ప్రభుత్వ పరీక్ష అదేనేమో!

కంటికి ఇంపైన ఆ పసుపుకు కారణం చాలా లోతుగా ఉంది. బంగారపు పరమాణు కేంద్రంలో 79 ప్రోటాన్లు ఉంటాయి. అంత బలమైన ఆకర్షణలో తిరిగే లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగంలో సగానికి మించుతుంది. అయిన్‌స్టయిన్ సాపేక్షత ప్రభావం అక్కడ కనబడి, ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలు కొంచెం జరుగుతాయి. దానితో ఈ లోహం నీలికాంతిని మింగి మిగిలినదాన్ని మన కంటికి తిప్పి పంపుతుంది. ఆ ప్రభావమే లేకుంటే బంగారం కూడా వెండిలాగే తెల్లగా ఉండేది. మిఠాయిల మీద అద్దే బంగారు వరఖు ఎప్పుడైనా చిక్కితే వెలుతురుకెత్తి చూడండి: పరావర్తనంలో పసుపైనది, గుండా చూస్తే ఆకుపచ్చ కలిసిన నీలంగా కనబడుతుంది. ఒక్క గ్రామును దాదాపు చదరపు మీటరు రేకుగా సాగగొట్టవచ్చు. ఇంత సాగేది గనుకనే బంగారం ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. గుడి గోపురం మీద, పుస్తకం అంచు మీద, చీర జరీలో మనం చూసేది చాలావరకు చర్మమే.

రేకు సంగతి అట్లా ఉంటే ముద్ద సంగతి తలకిందులు. అక్కడ బంగారం ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు దాని సాంద్రత. ఇనుము ఎనిమిది గ్రాములకు లోపు, వెండి పదిన్నర, సీసం పదకొండు పైచిలుకు. రైల్లో కొనుక్కునే లీటరు మంచినీళ్ళ సీసా నిండా బంగారం పోస్తే పందొమ్మిది కిలోలు దాటుతుంది. మన సినిమాల్లో నాయకుడు ఇటుక ప్రమాణం గల బంగారు కడ్డీని ఒంటిచేత్తో గాలిలోకి ఎగరేసి పట్టుకుంటాడు గదా. మామూలు ఇంటి ఇటుక అచ్చంగా బంగారమైతే ముప్పయి అయిదు కిలోల పైమాట. ఎగరేయడం సులువే అయినా పట్టుకునే చేయి మిగలదు.

ఈ ఒక్క అంకెతో తిరిగి కింగ్ కోఠీ తోటలోకి వద్దాం. ఆ కాలపు లారీ మూడు టన్నులు మోసేదనుకుందాం. వెనుకభాగం మూడున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు అనుకుందాం. మూడు టన్నుల బంగారం పరిమాణం నూటయాభై అయిదు లీటర్లు. దాన్ని లారీ అడుగున సమంగా పరిస్తే వచ్చే మందం రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అంటే పూర్తి బరువు ఎక్కించిన బంగారపు లారీ దూరంనుంచి చూసేవాడికి ఖాళీ లారీలాగా ఉంటుంది! కథలో చెప్పినట్లు 'నింపిన' లారీ, అంటే అడుగున్నర, రెండడుగుల ఎత్తున కడ్డీలు పేర్చినది, ఎనభై టన్నులు తూగుతుంది. అటువంటి లారీకి తోటదాకా వచ్చి దిగబడే భాగ్యం ఉండదు. కడ్డీలు ఎక్కిస్తూ ఉండగానే ఇరుసు విరుగుతుంది.

ఈ కథ అల్లినవారికి బంగారపు బరువు బాగా తెలుసు. చక్రాలు దిగబడ్డాయన్న వివరం అందుకు సాక్ష్యం. తెలియనిది దాని చోటు. మన ఊహలో ఐశ్వర్యం అంటే గుట్ట, రాశి, గది నిండా నింపిన నిధి. కళ్ళకు కట్టడానికి బంగారాన్ని ధాన్యంలాగా పోయవలసి వచ్చింది. సాంద్రత ఏ లారీనీ కాదనలేదు, ఔననలేదు. అయితే నిండుగా కనబడిన లారీలో ఉన్నది బంగారం కాదని మాత్రం గట్టిగా చెప్పగలదు.

ఇక అయిదు టన్నులు. ఈ కథకు మాత్రం కాగితాల సాక్ష్యం దొరికింది. సమాచారహక్కు చట్టం కింద వేసిన ప్రశ్నకు, ప్రధానమంత్రి కార్యాలయం పరిధిలోని జాతీయ రక్షణ నిధి నుంచి, అటువంటి దానం గురించిన సమాచారమేదీ తమ దగ్గర లేదన్న జవాబు వచ్చింది. 2018లో 'ది హిందూ' పత్రిక ఈ విషయం ప్రచురిస్తూ తన పాత సంచికలను కూడా తిరగేసింది. నిజాం ఇచ్చింది 4 లక్షల 25 వేల గ్రాములు, అంటే 425 కిలోలు. అదీ దానం కాదు; 1965 అక్టోబరులో ప్రభుత్వం ప్రవేశపెట్టిన రక్షణ బంగారు బాండ్లలో పెట్టిన పెట్టుబడి. గడువు తీరాక బంగారాన్ని బంగారంగానే తిరిగి చెల్లించే పథకం అది. ఆ డిసెంబరులో శాస్త్రి హైదరాబాదు వచ్చి నిజామును అభినందించాడు. ఆ బంగారంలో పాత మొహర్లు ఉన్నాయనీ, వాటిని కరిగించకుండా విదేశాల్లో అమ్మితే లోహం ధర కంటే ఎక్కువ రావచ్చనీ ఆయన అన్నట్లు అప్పటి వార్త. నెల తిరిగేసరికి, 1966 జనవరి 11న, శాస్త్రి తాష్కెంటులో మరణించాడు. మరుసటి ఏడాది నిజాం పోయాడు. ఒప్పందంలోని ఇద్దరు పెద్దమనుషులూ వెళ్ళిపోయాక కథకు అడ్డు చెప్పేవారు ఎవరున్నారు? నాలుగు లక్షల గ్రాములు కాస్తా అయిదువేల కిలోలయ్యాయి.

425 కిలోల మేలిమి బంగారాన్ని ఒక్క దిమ్మగా పోతపోస్తే ప్రతి పక్కా ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. జానెడు కంటే కొంచెం ఎక్కువ. పీట కింద పెట్టి కాళ్ళతో తోసేయవచ్చుననిపించేంత. పరిమాణం ఇరవై రెండు లీటర్లు. అదే నాణాల రూపంలో అయితే సందులు పోతాయి గనుక రెండు బకెట్లు నిండవచ్చు. అయిదు టన్నులనుకున్నా అరవైనాలుగు సెంటీమీటర్ల దిమ్మే. ఒక మూలబల్ల కింద పడుతుంది. పెట్టెల ముచ్చట కూడా ఇక్కడ తేలిపోతుంది. ఇద్దరు మనుషులు ఎత్తగలిగినట్లు యాభై కిలోల చొప్పున సర్దితే 425 కిలోలకు తొమ్మిది పెట్టెలు చాలు. అయిదు టన్నులకు వంద కావాలి. తొమ్మిది పెట్టెలను తిరిగి అడగడం పిసినారితనం అనిపించుకుంటుంది. వందపెట్టెలను అడగడం ఇంటి సామాను జాగ్రత్త. ఆయన పిసినారితనం గురించి హైదరాబాదులో ఉన్న చమత్కారాలన్నిటినీ దృష్టిలో పెట్టుకుని చూస్తే ఎవరికి తోచిన కథ వారు ఎన్నుకోవచ్చు.

అంకె చిన్నదైనంత మాత్రాన విషయం చిన్నదైపోదని నా అభిప్రాయం. 1962 చైనా యుద్ధం తరువాత ప్రభుత్వం బంగారం కోసం ఎంత ఇబ్బంది పడిందో ఆ తరంవారికి గుర్తే. 1963 జనవరిలో మొరార్జీ దేశాయి బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చి, కొత్త నగలు 14 కారట్లకు మించరాదన్నాడు. మన లెక్కలో తొమ్మిది వన్నెల పైచిలుకు. పుత్తడి ఎట్లా ఉండాలో తరతరాలుగా కళ్ళతో నేర్చుకున్న జనానికి ఆ వెలవెలబోయిన లోహం బంగారమనే తోచలేదు. పైగా రాగి ఎక్కువైన కొద్దీ అది గట్టిపడి, కంసాలి చేతిలో సాగదు. ఆ నిబంధన వల్ల పని పోయి వీధినపడ్డ స్వర్ణకార కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. ఆత్మహత్యలు కూడా జరిగాయి. కొన్నేళ్ళకే దాన్ని సడలించవలసి వచ్చింది. 1968లో చట్టమై కూర్చున్న నియంత్రణ 1990లో గానీ రద్దు కాలేదు. సామాన్యుడి నగ వన్నె తగ్గించవలసి వచ్చిన ఆ రోజుల్లో, మేలిమికి పేరుపడ్డ పాత మొహర్లు నాలుగు క్వింటాళ్ళు ఒక్క ఇంటినుంచి వచ్చాయంటే ప్రధాని స్వయంగా వచ్చి అభినందించడంలో ఆశ్చర్యం లేదు. 425 అన్న నిజమైన అంకెకే ఇంత బరువున్నప్పుడు దాన్ని పన్నెండు రెట్లు చేయవలసిన అవసరం ఎవరికి ఎందుకు కలిగిందో నాకు అంతుపట్టదు.

ఇంతకూ ఆ మొహర్లు ఆ ఇంట్లోకి ఎట్లా చేరాయి? వారసత్వం ఒక దారి. భూమిశిస్తు, జాగీర్ల రాబడి మరొకటి. రాయచూరు జిల్లాలో హట్టి గనులున్నాయి. 1956 దాకా అవి హైదరాబాదు రాష్ట్రంలోనివే. టన్ను రాతిని పిండి చేస్తే కొన్ని గ్రాముల బంగారం వచ్చే చోటది. అయితే నన్ను ఎక్కువగా పట్టి ఆలోచింపజేసింది నజరానా. దర్శనానికి వెళ్ళినవారు ఒక అష్రఫీ, నాలుగు రూపాయలు అరచేతుల్లో పెట్టి వంగి సమర్పించుకోవడం ఆనవాయితీ. పూర్వపు నిజాములు చాలాసార్లు తాకి తిరిగి ఇచ్చేవారనీ, ఉస్మాన్ అలీ ఖాన్ తాకినదాన్ని తిరిగి ఇచ్చేవాడు కాదనీ ఆనాటి పెద్దలు చెప్పుకునేవారు.

హైదరాబాదు అష్రఫీ బరువు 11.178 గ్రాములు, మేలిమి నూటికి 91. వెండి రూపాయి బరువు కూడా సరిగ్గా అంతే. ఒక వైపు చార్మినార్, దాని నడిమి ద్వారంలో నిజాం పేరులోని మొదటి అక్షరం: మహబూబ్ అలీ అయితే మీమ్, ఉస్మాన్ అలీ అయితే ఐన్. ఈ రెండు నాణాలనూ చెరొక చేతిలో పెట్టుకుంటే బరువు సమంగా తూగుతుంది. చోటు మాత్రం వెండిది బంగారానికి ఒకటిన్నర రెట్లకు పైనే. బంగారపు సాంద్రత గురించి ఎన్ని పేజీలు చదివినా ఆ రెండు నాణాలు చెప్పినంత తేటగా తెలియదు. 425 కిలోలనూ ఈ అష్రఫీలుగా మార్చి లెక్క వేస్తే ముప్పయి ఎనిమిది వేలు. నజరానాగా వచ్చినవే అనుకుంటే ముప్పయి ఎనిమిది వేల సార్లు ఒక నడుము వంగాలి. ఈ కొలత ఏ తక్కెడకూ అందదు.

అష్రఫీలనూ, వాటికంటే చాలా పాతవాటినీ తీరికగా చూడదలచినవారు ఆబిడ్స్ దాటి నాంపల్లి వెళ్ళాలి. స్టేషనుకు ఎదురు దిక్కున పబ్లిక్ గార్డెన్స్, అందులో 1930లో హైదరాబాద్ మ్యూజియంగా మొదలైన రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల. జనం ఈజిప్టు మమ్మీని చూసి వెళ్ళిపోతారు గానీ ఆ సంస్థ అసలు సంపద దాని నాణాలు. మన తెలుగు నేలలో దొరికిన రోమను నాణాల మీద పరమేశ్వరీ లాల్ గుప్తా రాసిన గ్రంథాన్ని పురావస్తుశాఖ 1965లో ప్రచురించింది. కింగ్ కోఠీ మొహర్లు బాండ్లుగా మారిన సంవత్సరమే! ఆ సంవత్సరం అటు ఒక గుట్ట పాత నాణాలు ఒక్క అంకెగా కరిగిపోయాయి. ఇటు ఒక్కొక్క నాణెమూ దొరికిన ఊరితో సహా పేరుపేరునా నమోదైంది. చరిత్ర రాసేవాడికి రెండవదే అసలైన ధనమని నేనంటే పక్షపాతం అనుకోకండి.

భారతదేశంలో దొరికిన రోమను బంగారు నాణాలలో కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు కనబడుతుంది. ఎందుకు పెట్టారన్న దానిమీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ నాణాన్ని చలామణీ నుంచి తప్పించడానికని కొందరంటారు. లోపల రాగి ఉందేమో చూడడానికని మరికొందరు. నేను రెండవదానివైపే మొగ్గుతాను. పైపూతను నమ్మకపోవడం, లోపలిదాకా కోసి చూడడం మనవారి బంగారపు బేరంలో చాలా పాత అలవాటు. ఒరగల్లు మీద గీత పైపొరనే చెబుతుంది, గాటు లోపలిదాన్ని చెబుతుంది, నీళ్ళలో ముంచి తూచడం మొత్తాన్ని చెబుతుంది. ఆ మూడవ పరీక్షకూ ఈ కాలంలో ఒక శత్రువు దాపురించింది. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానికి వెంట్రుకవాసి తేడా. కడ్డీ మధ్యలో దాన్ని దాచితే తక్కెడా, నీళ్ళూ రెండూ మోసపోతాయి. ఇప్పుడు దుకాణాల్లో ఎక్స్‌రే యంత్రాలు పెట్టుకున్నారు, నగ మీద ఆరక్షరాల హాల్‌మార్క్ సంఖ్య 2021 నుంచి వచ్చింది. ఎక్స్‌రే కూడా చూసేది పైపొరనే అన్నది గుర్తుంచుకోవలసిన విషయం. ఉలిగాటుకు సాటి వచ్చే పరీక్ష ఇంకా తక్కువే.

హైదరాబాదు బంగారపు కథల్లో అన్నిటికంటే పెద్ద నాణెం ఒకటుంది. అదృష్టవశాత్తు దాని కొలతలు నమోదై ఉన్నాయి. 1613లో జహంగీరు ఆగ్రాలో ముద్రించిన వేయి తులాల మొహరు. ఇప్పుడు తెలంగాణ పెళ్ళిమాటల్లో తులమంటే పది గ్రాములు. జహంగీరు తులం దాదాపు పన్నెండు. మొత్తం బరువు పన్నెండు కిలోలకు కొంచెం తక్కువ, వ్యాసం 20.3 సెంటీమీటర్లు. అది నిజాముల ఇంటికి చేరి, ఉస్మాన్ అలీ ఖాన్ మనుమడు ముకర్రమ్ జా చేతికి వచ్చిందని చెబుతారు. 1987 నవంబరులో జెనీవాలో వేలానికి పెట్టినప్పుడు సంగతి బయటపడి, మన సీబీఐ విచారణ మొదలుపెట్టింది. వేలంలో అది అమ్ముడుపోలేదు. తరువాత బహిరంగంగా ఎవరి కంటా పడలేదు. 2022లో కేంద్రప్రభుత్వం గాలింపు మళ్ళీ చేపట్టిందని వార్త వచ్చింది; 2023 జనవరిలో ముకర్రమ్ జా ఇస్తాంబుల్‌లో మరణించి, మక్కా మసీదు ఆవరణలో ఖననమయ్యాడు.

వ్యాసమూ, బరువూ తెలిశాక మందం కట్టడం కష్టం కాదు. అచ్చమైన బంగారమనుకుంటే 1.9 సెంటీమీటర్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద బంగారు నాణాల్లో ఒకటైన అది ఫలహారపు పళ్ళెం అంత వెడల్పు, బొటనవేలు అంత మందం. పాత గుడ్డలో చుట్టి చేతిసంచిలో వేసుకుని ఆబిడ్స్ నడిరోడ్డు మీద నడిచిపోతే, సంచి పట్టీ తెగేవరకు ఎవరికీ అనుమానం రాదు.